చురుకైన సభ్యుడికి ఏమివ్వాలి? రోటరీ గుర్తింపులపై ఒక సమీక్ష

జూన్ నెల దగ్గర పడేసరికి మన పట్టణాల్లోని రోటరీ క్లబ్‌లలో ఒక చర్చ తప్పనిసరిగా నడుస్తుంది. జులై 1న మొదలయ్యే రోటరీ సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది కనుక, పదవి నుంచి దిగిపోయే అధ్యక్షుడు ఆ ఏడాది తనతోపాటు తిరిగి పనిచేసిన సభ్యులకు ఏదో ఒక గుర్తింపు ఇవ్వాలనుకుంటాడు; కోశాధికారి ఖాతాలో ఎంత మిగిలిందో చెబుతాడు; ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న కన్నా, ఎవరికి ఇవ్వకపోతే ఎవరు అలుగుతారన్న లెక్క ముందుకు వస్తుంది. గోదావరి జిల్లాల్లోని ఒక మధ్యతరహా పట్టణపు క్లబ్‌లో అవార్డుల కమిటీ బాధ్యత చూస్తున్నవాడిగా, ఈ పనికి మనకు అందుబాటులో ఉన్నవాటిని, అంటే రోటరీ సంస్థ స్వయంగా ఇచ్చే గుర్తింపులను, పోలిక కోసం లయన్స్ సంస్థ ఇచ్చేవాటిని, మన ఊరి దుకాణంలో చేయించుకునే షీల్డులను, డబ్బు పెట్టి కొనేవాడు సరుకును చూసే పద్ధతిలోనే పరిశీలించి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బు ఇచ్చినవారిని గుర్తించడానికి రోటరీ చేసిన ఏర్పాటు దాదాపు వంక పెట్టలేనిది. పనిచేసినవారిని గుర్తించే ఏర్పాటు కూడా ఆ సంస్థలో ఉంది గానీ, నేను చూసిన క్లబ్‌లలో ఎక్కువ భాగం దాని జోలికి పోకుండా, మొదటిదానితోనే రెండో పని కూడా జరిపించుకోవాలని చూస్తున్నాయి. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

ముందుగా అందరికీ తెలిసిన పాల్ హారిస్ ఫెలో గుర్తింపు సంగతి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో మరో ముగ్గురితో కలిసి రోటరీకి పునాది వేసిన న్యాయవాది పాల్ హారిస్ 1947 జనవరిలో మరణించినప్పుడు, ఆయన స్మృతికి చిహ్నంగా, సేవా పథకాలకు నిధులు సమకూర్చే రోటరీ ఫౌండేషన్‌కు ప్రపంచం నలుమూలల నుంచి విరాళాలు వెల్లువెత్తాయి. ఆ ఫౌండేషన్ అసలు ఆలోచన అంతకు మూడు దశాబ్దాల ముందే, 1917లో అట్లాంటా మహాసభలో ఆర్చ్ క్లంఫ్ చేసిన ప్రతిపాదనతో పుట్టింది. మరుసటి ఏడాది కాన్సాస్ సిటీ క్లబ్ పంపిన 26 డాలర్ల 50 సెంట్లు దానికి చేరిన మొదటి విరాళం. 1,000 డాలర్లు ఇచ్చిన దాతను పాల్ హారిస్ ఫెలోగా గుర్తించే పద్ధతి 1957లో మొదలైంది. తొలి రోజుల్లో వారికి ధ్రువపత్రం ఒక్కటే ఇచ్చేవారు. 1969లో హొనొలులు మహాసభలో మొట్టమొదటిసారి పతకాన్ని బయటపెట్టారు. టోక్యోకు చెందిన లోహశిల్పి ఫిజు త్సుదా గీసిన ఆ నమూనా ఇప్పటికీ స్వల్పమైన మార్పులతోనే కొనసాగుతోంది. 2006 నాటికి పాల్ హారిస్ ఫెలోల సంఖ్య 10 లక్షలకు చేరింది.

ఇప్పటి నిబంధనల ప్రకారం వార్షిక నిధికి గానీ, పోలియో నిర్మూలన కార్యక్రమమైన పోలియోప్లస్‌కు గానీ, ఫౌండేషన్ ఆమోదించిన గ్రాంటుకు గానీ 1,000 డాలర్లు ఇచ్చినవారికి, లేదా వారు ఎవరి పేరున ఇస్తే వారికి, ఈ గుర్తింపు లభిస్తుంది. శాశ్వత నిధికి ఇచ్చిన సొమ్ము ఈ లెక్కలోకి రాదు, దానికి వేరే గుర్తింపు ఉంది. రోటరీ నెలనెలా ప్రకటించే మారకపు విలువను బట్టి మన డబ్బులో ఈ మొత్తం 80,000 రూపాయలు దాటుతుంది. ఒకేసారి ఇవ్వనవసరం లేదు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జమ చేసుకుంటూ పోవచ్చు. ఆపైన ఇచ్చే ప్రతి 1,000 డాలర్లకూ పిన్ మీద ఒక రాయి చేరుతుంది: మొదటి ఐదు మెట్ల వరకు నీలాలు, ఆరు నుంచి ఎనిమిది వరకు కెంపులు. మొత్తం 10,000 డాలర్లకు చేరితే మేజర్ డోనర్ వరుసలోకి వెళతారు. వీటన్నిటికీ లెక్కలు సంస్థ దగ్గర స్పష్టంగా ఉంటాయి. ఇరవై ఏళ్ల కిందట కట్టిన సొమ్ము కూడా ఎక్కడికీ పోదు. మన ఊళ్లలో సంఘాలు చందా పుస్తకాలను నిర్వహించే తీరు తెలిసినవారికి ఈ ఒక్క విషయమే ఎంతో ఊరటగా ఉంటుంది.

ఇక చేతికి వచ్చే వస్తువుల సంగతి చూద్దాం. ఫెలోకు సంస్థ తరఫున వచ్చేది ధ్రువపత్రం, పిన్. నీలం, బంగారు రంగుల పట్టీకి వేలాడే పతకం కావాలంటే విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఈ సంగతి చాలామంది కొత్త అధ్యక్షులకు తెలియక, సభలో మెడలో పతకం వేస్తామని ముందే ప్రకటించేసి, చివరి వారంలో పాత ఫెలోల ఇళ్లకు ఫోన్లు చేసి పతకాలు అరువు తెచ్చుకోవడం నేను ఎరుగుదును. వేదిక మీద మెడలో వేసి, ఫోటో తీసి, భోజనాల వేళకు నెమ్మదిగా అడిగి వెనక్కి తీసుకుంటారు. ఎనభై వేలు ఇచ్చిన మనిషి మెడలోంచి పతకం వెనక్కి అడగడం కన్నా, ఉన్న పిన్‌నే శ్రద్ధగా, ఆ మనిషి భార్య చేతో పిల్లల చేతో పెట్టించడం ఎంతో మర్యాదగా ఉంటుంది. పిన్ తయారీలో లోపం ఎంచడానికేమీ లేదు. చిన్నది, నీటుగా ఉంటుంది, కోటు మీదా ఖద్దరు చొక్కా మీదా ఒకేలా ఇముడుతుంది. పట్టుచీర కట్టుకున్న మహిళా సభ్యులు మాత్రం దాన్ని పెట్టుకోవడానికి వెనకాడతారు. గుచ్చిన చోట జరీ లాగేస్తుందని వారి భయం, అది అకారణమైనదీ కాదు.

ఈ డబ్బు ఎక్కడికి పోతుందన్న అనుమానం కొందరికి ఉంటుంది. వార్షిక నిధికి సాధారణ పద్ధతిలో ఇచ్చిన సొమ్మును మూడేళ్లు పెట్టుబడిగా ఉంచి, ఆ తరువాత అందులో దాదాపు సగాన్ని మన డిస్ట్రిక్ట్ (కొన్ని క్లబ్‌లను కలిపి రోటరీ ఏర్పరిచిన విభాగం) పథకాలకు తిరిగి కేటాయిస్తారు. ప్రభుత్వాసుపత్రులకు ఇచ్చే డయాలసిస్ యంత్రాలు, బడులకు కట్టించే మరుగుదొడ్లు ఇటువంటి సొమ్ముతో వచ్చేవే. పోలియోప్లస్‌కు ఇచ్చినదానికి గేట్స్ ఫౌండేషన్ రెండింతలు కలుపుతుంది. 1985లో రోటరీ ఆ కార్యక్రమం మొదలుపెట్టిన నాటికి మన దేశంలో ఏ ఊరికి వెళ్లినా పోలియోతో కాలు చచ్చుబడిన పిల్లలు కనిపించేవారు; 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైనది చివరి కేసు, 2014 మార్చి 27న భారత్ పోలియో రహితమని ధ్రువీకరించారు. కాబట్టి పాల్ హారిస్ ఫెలో అయినవారు కేవలం పిన్ కొనుక్కున్నారని ఎత్తిపొడవడం అన్యాయం. పన్ను మినహాయింపు గురించి కూడా ఒక మాట: రోటరీ ఫౌండేషన్ ఇండియాకు ఇచ్చిన విరాళాలకు ఈ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. కొత్త విధానంలోకి మారిన సభ్యులకు ఆ ఆశ చూపించి చందా అడగడం సరైన పని కాదు.

అయితే ఈ గుర్తింపు చురుకైన సభ్యుడికి ఇచ్చే బహుమతి కాదు, దాతకు చెప్పే కృతజ్ఞత. ఈ రెంటినీ కలిపేయడం వల్ల మన క్లబ్‌లలో జరిగే నష్టాన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. మా క్లబ్‌లో ఒక సభ్యుడు ఉన్నారు. మందుల దుకాణం నడుపుకుంటారు. ఏటా జరిగే ఉచిత కంటి వైద్య శిబిరంలో శుక్లాల ఆపరేషన్‌కు ఎంపికైన వృద్ధులను ఆసుపత్రికి చేర్చే పని ఆయనది. శిబిరం అయిన రాత్రే జాబితా పట్టుకుని కూర్చుని, ఎవరికి షుగర్ ఉందో, ఎవరికి బీపీ ఉందో, ఎవరి ఇంట్లో వెంట వచ్చే మనిషి లేరో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు. బస్సు బయలుదేరే ముందురోజు ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి, తలస్నానం చేసి రమ్మనీ, ఆధార్ కార్డు నకలు మరవవద్దనీ, షుగర్ మాత్ర మానవద్దనీ చెబుతారు. ఆపరేషన్ అయ్యాక నల్ల కళ్లద్దాలు పెట్టుకుని దిగిన ప్రతి ముసలమ్మకూ చుక్కల మందు ఏ పూట ఎన్నిసార్లు వేసుకోవాలో, కోడలినో మనవడినో పక్కన నిలబెట్టి మరీ అప్పజెబుతారు. వారం తర్వాత తిరిగి చూపించుకోవడానికి రానివారి ఇళ్లకు స్వయంగా వెళతారు. ఇంత చేసినా ఏ ఫోటోలోనూ ఆయన కనిపించరు, ఎందుకంటే బ్యానర్ కట్టి ఫోటో దిగే సమయానికి ఆయన బస్సు దగ్గర ఉంటారు. వేదిక మీద పాల్ హారిస్ పిన్ పెట్టించుకుని, మరునాడు జిల్లా పేజీలో ‘పురస్కార గ్రహీత’గా అచ్చయ్యే పెద్దమనిషి మాత్రం ఆ ఏడాది శిబిరం గడప తొక్కి ఉండకపోవచ్చు. ఆయన ఇచ్చిన డబ్బు విలువ ఆయనకు ఉంది, కాదనను. కానీ దాన్ని సేవా పురస్కారంగా ప్రకటించినప్పుడు, బస్సు దగ్గర నిలబడిన మనిషికి అర్థమయ్యేది ఒకటే: ఈ క్లబ్‌లో గుర్తింపు కావాలంటే ముందు ఎనభై వేలు ఉండాలి.

దీనికి రోటరీ నిబంధనల్లోనే ఒక మంచి దారి ఉంది. ఫౌండేషన్‌కు మనం ఇచ్చే ప్రతి డాలరుకూ (శాశ్వత నిధికి ఇచ్చేది కాక) ఒక గుర్తింపు పాయింటు మన ఖాతాలో పడుతుంది. ఆ పాయింట్లను ఇంకొకరు పాల్ హారిస్ ఫెలో కావడానికి బదిలీ చేయవచ్చు. ఒక్కసారికి కనీసం 100 పాయింట్లు ఉండాలి. వ్యక్తుల ఖాతా నుంచి క్లబ్‌కో డిస్ట్రిక్ట్‌కో పాయింట్లు మార్చడానికి వీలులేదు గానీ, మనిషి నుంచి మనిషికి మార్చవచ్చు. ఇప్పటికే రెండు మూడు నీలాలు ఉన్న పాత సభ్యుల ఖాతాల్లో వాడని పాయింట్లు వేలకొద్దీ పడి ఉంటాయి. అధ్యక్షుడు చొరవ చేసి, ఐదారుగురి దగ్గర తలా కొన్ని వందలు పోగుచేస్తే, లేదా కొంత విరాళంగా కట్టించి మిగిలినదానికి పాయింట్లు జతచేస్తే, రూపాయి పెట్టలేని సభ్యుడిని కూడా ఫెలోను చేయవచ్చు. కొన్ని క్లబ్‌లు నిజంగానే ఇలా చేస్తున్నాయి, అభినందించాలి. బదిలీకి ఒక ఫారం, ఇచ్చేవారి సంతకం, ఎవరి పేరున ఇస్తున్నారో ఆ వివరాలు చాలు. సభ్యుడే కానవసరం లేదు. మన క్లబ్ రక్తదాన శిబిరాలకు ఏళ్ల తరబడి సెలవు రోజున వచ్చి కూర్చునే ల్యాబ్ టెక్నీషియన్‌నో, శిబిరం భోజనాల బాధ్యత తలకెత్తుకునే సభ్యుల భార్యలలో ఒకరినో కూడా ఇలా గౌరవించవచ్చు. వెనకటి నుంచి మన క్లబ్‌లలో ‘ఆన్స్’ అని పిలుచుకునే ఈ మహిళలు చేసిన పనిని లెక్కిస్తే, కొన్ని క్లబ్‌ల వార్షిక నివేదికల్లో సగం వారికే రాసివ్వాలి.

నేను మొదట చెప్పిన, అసలు వాడుకలోకి రావలసిన గుర్తింపు వేరే ఉంది. అది అవెన్యూస్ ఆఫ్ సర్వీస్ పురస్కారం. రోటరీ తన పనిని ఐదు మార్గాలుగా చెబుతుంది: క్లబ్ సేవ, వృత్తి సేవ, సమాజ సేవ, అంతర్జాతీయ సేవ, యువజన సేవ. ఈ ఐదింటిలోనూ చెప్పుకోదగ్గ పనిచేసిన ఒక సభ్యుడిని క్లబ్ అధ్యక్షుడు తన ఏడాదిలో ప్రతిపాదించవచ్చు. దీనికి క్లబ్ ఖాతా నుంచి పైసా తీయనక్కరలేదు. విరాళంతో సంబంధం లేదు. డిస్ట్రిక్ట్ గవర్నర్ చుట్టూ తిరగనక్కరలేదు. సంస్థ పేరుతో, క్లబ్ అధ్యక్షుడి నిర్ణయంతో వచ్చే గుర్తింపు ఇది. ఇంత సులువైనదాన్ని క్లబ్‌లు ఎందుకు వదిలేస్తున్నాయని అడిగితే, నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, దీనితో మెడలో వేయడానికి బరువైన వస్తువేదీ రాదు. మన సభలకు ఎత్తి చూపించే వస్తువు కావాలి. రెండోది ఇంకా ముఖ్యమైనది. ఐదు మార్గాలలోనూ ఆ సభ్యుడు ఏం చేశాడో రాయాలి. రాయాలంటే ఎవరో ఒకరు ఏడాది పొడవునా చూసి ఉండాలి.

ఈ రెండో కారణాన్నే నేను ఈ పురస్కారపు గొప్పతనంగా భావిస్తాను. పాల్ హారిస్ ఫెలోను తేల్చడానికి బ్యాంకు రశీదు చాలు; ఇక్కడ అధ్యక్షుడు, కార్యదర్శి కూర్చుని మనుషుల గురించి మాట్లాడుకోవాలి. మందుల దుకాణం ఆయన సంగతే తీసుకుంటే, కంటి శిబిరం సమాజ సేవ కిందికి వస్తుంది. తన దుకాణంలో పనిచేసే కుర్రాడిని ఫార్మసీ డిప్లొమా చదివించడం వృత్తి సేవ. రోటరీ నడిపించే విద్యార్థుల సంఘం, అంటే ఇంటరాక్ట్ క్లబ్, ఉన్న బడిలో పిల్లలకు మందుల వాడకం గురించి ఏటా చెప్పే పాఠం యువజన సేవ. క్లబ్ సేవకు సమావేశాల హాజరు పట్టీ సాక్ష్యం పలుకుతుంది. అంతర్జాతీయ సేవ దగ్గర మాత్రం చిన్న పట్టణాల సభ్యులకు ఇబ్బంది వస్తుంది. విదేశీ క్లబ్‌తో కలిసి చేసే గ్లోబల్ గ్రాంటు పథకాలలో పనిచేసే అవకాశం నగరాల క్లబ్‌లకు వచ్చినంతగా మనకు రాదు. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ క్లబ్‌ల సభ్యుడికి ఇది చేతికందే దూరంలో ఉంటుంది. లోపలి మండల కేంద్రంలోని క్లబ్ సభ్యుడికి పోలియో కార్యక్రమమే దాదాపు దిక్కు. ఈ పురస్కారంలో నేను ఎంచే లోపం ఇదొక్కటే. సంస్థ ఈ నియమాన్ని కొంత సడలించి, ఐదింటిలో నాలుగు చాలునంటే, దీనికి తగినవారు మన పట్టణాల్లో ఇంకా ఎక్కువమంది తేలతారు.

రోటరీలో సభ్యుడి సేవకు ఇచ్చే అత్యున్నత గౌరవం సర్వీస్ అబవ్ సెల్ఫ్ పురస్కారం. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 150 మందికి మించకుండా ఇస్తారు, ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు. దాని విలువ గురించి చర్చ అనవసరం. అయితే మన చర్చకు అది పెద్దగా ఉపయోగపడదు. పట్టణపు క్లబ్ తన చురుకైన సభ్యులను ప్రోత్సహించడానికి వాడుకునే సాధనం కాదది, ఒక జీవితకాలపు పనికి దక్కే గౌరవం. అలాగే రోటరీ సైటేషన్ అన్నది లక్ష్యాలు సాధించిన క్లబ్‌కు ఇస్తూ వచ్చినది, వ్యక్తికి కాదు. దాన్ని అధ్యక్షుడి సొంత విజయంగా చూపించే బ్యానర్లు కొన్ని చూశాను గానీ ఆ సంగతి ఇక్కడ వదిలేద్దాం.

లయన్స్ వారి పద్ధతితో పోల్చి చూస్తే కొన్ని విషయాలు తెలుస్తాయి. 1917లో షికాగో బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతో మొదలైన ఆ సంస్థ, 1968లో తన ఫౌండేషన్‌ను ఏర్పాటు చేసుకుని, 1973 నుంచి 1,000 డాలర్ల విరాళానికి మెల్విన్ జోన్స్ ఫెలోషిప్ ఇస్తోంది. ఎంజేఎఫ్ అన్న మూడక్షరాలను పేరు పక్కన వేసుకోవడం మన ఊళ్ల ఆహ్వానపత్రికల్లో నిత్యం కనిపించేదే. దాత విషయంలో రెండు సంస్థల పద్ధతీ ఇంచుమించు ఒకటే. లయన్స్ దగ్గర నాకు నచ్చినది వేరు: సభ్యత్వ కాలాన్ని గుర్తించే షెవ్రాన్ పిన్నులు. పదేళ్లు నిండినప్పుడు మొదలై, ఆపైన ఐదేళ్లకొకసారి ఇస్తారు. కొత్త సభ్యులను చేర్పించినవారికి కీ పురస్కారాలు వేరుగా ఉన్నాయి. ఇవి డబ్బుతో గానీ, అధ్యక్షుడి అభిమానంతో గానీ వచ్చేవి కావు. పాతికేళ్లు క్లబ్‌ను అంటిపెట్టుకుని ఉన్న మనిషికి, ఆ సంగతి ఎవరో లెక్కపెట్టారన్న తృప్తి చిన్నది కాదు. రోటరీలో ఒకప్పుడు నూరు శాతం హాజరు పిన్నులకు ఇటువంటి గౌరవమే ఉండేది. వేరే ఊరు వెళ్లినా అక్కడి క్లబ్ సమావేశానికి హాజరై, ఆ చీటీ తెచ్చి కార్యదర్శికి ఇచ్చే పెద్దవాళ్లు ప్రతి క్లబ్‌లోనూ ఉండేవారు. 2016లో హాజరు నిబంధనలను సడలించుకునే స్వేచ్ఛ క్లబ్‌లకు వచ్చాక ఆ పట్టుదల తగ్గింది. హాజరు ఒక్కటే సేవ కాదన్న వాదన నిజమే గానీ, వారం వారం వచ్చి కూర్చునేవారు లేకపోతే శిబిరానికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు?

ఇక క్లబ్ సొంత ఖర్చుతో చేయించే షీల్డులు, మెమెంటోల విషయానికి వస్తాను. పై గుర్తింపులన్నీ కలిసినా ఒక క్లబ్‌లో ఏడాదికి ఇద్దరు ముగ్గురిని మించి అందవు. మిగిలిన పదిమంది చురుకైన సభ్యులకు క్లబ్ తరఫున ఇచ్చేవి ఇవే. మా పట్టణంలో ఇటువంటివి చేసే దుకాణాలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకదానితో మా క్లబ్‌కు చాలాకాలంగా లావాదేవీ ఉంది. పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క దుకాణానివి కావు. రెండు మూడు వందల నుంచి దొరికే చౌక షీల్డు చూడ్డానికి కర్రలా ఉంటుంది గానీ లోపల నొక్కిన పొట్టు అట్టే. దాని మీద ఇత్తడి రంగు పూసిన పలుచని రేకును రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తారు. వేసవి దాటేసరికి టేపు ఆరిపోయి, రేకు ఒక మూల లేస్తుంది. పేరు చెక్కి ఉన్న ఆ రేకు గోడ అల్మరాలోంచి జారి కింద పడితే, షీల్డు మీద రోటరీ చక్రం ఒక్కటే మిగులుతుంది. యాక్రిలిక్ మెమెంటోలు దీనికన్నా మన్నుతాయి, కానీ అంచులు సరిగా నునుపు చేయకపోతే వేలు కోసుకుంటాయి; వాటి మీద ఉండే పలుచని కవరు పొరను దుకాణం వాళ్లు తీయకుండానే ఇస్తారు, తీసుకున్నవారు తీయాలని తెలియక అలాగే ఉంచేస్తారు, ఏడాదికి అది పసుపుపచ్చగా మారుతుంది. అడుగున బల్బు వెలిగే రకం మాత్రం దయచేసి కొనవద్దు. బ్యాటరీ అయిపోయిన నాటి నుంచి అది ఎవరికీ అక్కరలేని సామానే.

వస్తువు కన్నా అక్షరాలతోనే తంటా ఎక్కువ. ఇంటిపేరు పొడి అక్షరాలు తారుమారు కావడం, ‘లక్ష్మి’కి ఒత్తు పోవడం, తెలుగు ఫాంట్ మార్చగానే వత్తులు పక్కకు జరిగిపోవడం సర్వసాధారణం. దుకాణం వారు వాట్సాప్‌లో పంపిన నమూనాను చిన్న తెరమీద చూసి సరేనన్నవారు, తరువాత ఫిర్యాదు చేసినా లాభం ఉండదు. చెక్కిన రేకును మార్చడానికి మళ్లీ డబ్బు అడుగుతారు. ఆ సభ్యుడి చేతే ఆయన పేరు రాయించి తీసుకుని, ఆ కాగితాన్నే దుకాణానికి ఇవ్వడం మేలైన పద్ధతి. ఈ దుకాణంలో నేను మెచ్చుకునేది, ఉత్త ఇత్తడి ఫలకాన్ని టేకు చెక్కకు నాలుగు మేకులతో బిగించి ఇచ్చే పాత రకం షీల్డు. ఖరీదు మూడు నాలుగింతలు ఉంటుంది, తయారీకి వారం పైన పడుతుంది, కానీ చేతికి తీసుకోగానే బరువు తెలుస్తుంది, తుడిస్తే మెరుస్తుంది. పదిమందికి చౌకరకం ఇచ్చేకన్నా, ముగ్గురికి ఇది ఇచ్చి, మిగిలినవారికి అధ్యక్షుడు స్వహస్తంతో రాసిన ఉత్తరం ఇవ్వడం మంచిదని నా సలహా. ఉత్తరాన్ని తక్కువ చేసి చూడవద్దు. ‘మీ అమూల్యమైన సేవలకు ధన్యవాదాలు’ అని అచ్చువేసిన కాగితం ఎవరికీ అక్కరలేదు. ‘వరద వచ్చినప్పుడు మూడు రోజులు మీ గోదాములో సరుకులు కట్టించారు, మీ ట్రాక్టర్ లేకపోతే లంక గ్రామాలకు మంచినీళ్లు చేరేవి కావు’ అని రాస్తే ఆ కాగితం ఫ్రేము కట్టించుకుని హాల్లో పెట్టుకుంటారు.

అవార్డులు ఎవరికన్నది ఎలా తేల్చాలన్న దానిమీద సంస్థ మార్గదర్శకాలు పెద్దగా సాయపడవు, క్లబ్ తనంతట తాను కట్టుబాటు పెట్టుకోవాలి. మా కమిటీలో మేము పాటించేవి చెబుతాను. ఆ ఏడాది అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఏ అవార్డుకూ అర్హులు కారు. వారికి డిస్ట్రిక్ట్ సభల్లో ఎలాగూ పిలుపు ఉంటుంది. ప్రతి కార్యక్రమం అయిన వెంటనే ఎవరెవరు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు, ఏం చేశారు అన్నది కార్యదర్శి ఒక పుస్తకంలో నాలుగు వాక్యాల్లో రాస్తారు. శాలువా కప్పించుకున్నవారి పేర్లకన్నా కుర్చీలు సర్దినవారి పేర్లు ముందు రాయాలన్నది మా నియమం. ఎంపిక చేసే ముగ్గురిలో ఒకరు మాజీ అధ్యక్షుడు, ఒకరు చేరి మూడేళ్లు దాటని కొత్త సభ్యుడు, ఒకరు మహిళా సభ్యురాలు. కొత్త సభ్యుడిని పెట్టడం మీద మొదట పెద్దలు కొంత గుర్రుమన్నారు గానీ, ఎవరు పని చేస్తున్నారో ఎవరు కబుర్లు చెబుతున్నారో కొత్తగా వచ్చినవాడికే బాగా కనబడుతుంది. ఇంకొకటి, మా క్లబ్‌లో ఏ ఏడాదైనా ఒక అవార్డుకు తగినవారు లేరని కమిటీ అనుకుంటే, దాన్ని ఇవ్వకుండా వదిలేయవచ్చు. ఈ ఒక్క నియమం వల్ల మిగిలినవాటి గౌరవం ఎంత పెరిగిందో చెప్పలేను.

సభ జరిపే తీరును గురించి క్లుప్తంగా. ఒక్కొక్క గ్రహీత గురించి రెండు నిమిషాలు చదవడానికి వీలుగా సమయం ఉంచుకోవాలి. మన సభల్లో ముఖ్య అతిథి ప్రసంగం ముప్పావుగంట నడిచి, అవార్డుల వేళకు భోజనాల వాసన వచ్చేసి, పదిమంది పేర్లు ఒక్క ఊపులో చదివి, అందరినీ ఒక వరుసలో నిలబెట్టి ఒకే ఫోటో తీసి పంపేస్తారు. అందుకే మేము అవార్డులను అతిథి ప్రసంగానికి ముందుకు మార్చాం. ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి ఒకాయన ఆ చదివినవి విని, సిద్ధం చేసుకున్న ప్రసంగం పక్కనపెట్టి, ఆ కంటి శిబిరం గురించే ప్రశ్నలు అడిగారు. మెమెంటోను గ్రహీత చేతికి అతిథే ఇవ్వాలన్న పట్టింపు కూడా అవసరం లేదు. సేవ అందుకున్న మనిషి ఎవరైనా రాగలిగితే ఆయన చేతుల మీదుగా ఇప్పించవచ్చు, కాకపోతే ఆయన్ను ప్రదర్శనకు పెట్టినట్లు కాకుండా ముందుగా అడిగి, ఇష్టమైతేనే పిలవాలి.

ఈ ఏడాది ఈ పనికి పూనుకునేవారు తేదీల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. విరాళం కట్టడం, పాయింట్ల బదిలీ ఫారం పంపడం మార్చి, ఏప్రిల్ నెలల్లోనే పూర్తి చేసుకుంటే ధ్రువపత్రం, పిన్ సభనాటికి చేతిలో ఉంటాయి. జూన్ చివరి వారంలో అన్ని క్లబ్‌లూ ఒక్కసారే లక్ష్యాలు పూర్తి చేయాలని పరుగెత్తుతాయి కనుక, అప్పుడు పంపిన కాగితాలు తేలేసరికి పదవి చేతులు మారుతుంది. పాత అధ్యక్షుడు ఎంచిన మనిషికి కొత్త అధ్యక్షుడు, ఆ మనిషి చేసిన పని ఏమిటో తెలియకుండానే, మామూలు వారపు సమావేశంలో టీ తాగే విరామంలో ఆ కవరు అందించడం మా పక్క క్లబ్‌లలో ఏటా జరుగుతూనే ఉంది.